స్పేర్ బోటు లేకుండా ఫెర్రీ సర్వీసు ఎన్నాళ్లు నడుస్తుంది? (బోట్లు, టెర్మినళ్ల మెయింటెనెన్స్ గురించి)

నీటిదారి

అందరికీ నమస్కారం. రోజూ పనికి ఫెర్రీ మీదే వెళ్లొస్తాను. మా లైన్ ప్రయాణికుల సలహా కమిటీలో కూడా ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నా ఒక్కరిదే కాదు.

ఏడాది పొడుగునా ఏదో ఒక బోటు రిపేరులోనే ఉంటోంది. మూడు వారాల్లో డాక్ నుంచి తిరిగొస్తుందని నోటీసు పెడతారు. గడువు దాటిపోతుంది, కొత్త తేదీ వేస్తారు, అదీ దాటుతుంది. ఈలోగా మిగిలిన బోట్లలో జనం కిక్కిరిసిపోతారు. ఆఖరి ట్రిప్పు ఉంటుందో లేదోనని సాయంత్రం అయ్యేసరికి అందరికీ టెన్షన్. టెర్మినల్లో ఒక ర్యాంపు ఎప్పుడు చూసినా తాడు కట్టి మూసేసే ఉంటుంది.

అధికారులను అడిగితే "పాత బోట్లండీ, కొత్తవి వస్తే అన్నీ సర్దుకుంటాయి" అంటున్నారు. నిజంగానే సర్దుకుంటాయా? వచ్చే మీటింగులో మేం ఏం అడిగితే ప్రయోజనం ఉంటుంది? లోపలి పని తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి.

ఇంజిన్‌రూమ్

నీటిదారి గారూ, నేను చాలా ఏళ్లు ఫెర్రీ ఇంజిన్ రూముల్లో పనిచేసి రిటైరయ్యాను. డాక్‌లో గడువు ఎందుకు దాటుతుందో ముందు చెప్తాను, మిగతావి దానికి ముడిపడి ఉన్నవే.

డ్రైడాక్ (నీళ్లు తోడేసి బోటు అడుగు రిపేరు చేసే తొట్టి) ఎక్కేదాకా బోటు అడుగు ఎలా ఉందో ఎవరికీ పూర్తిగా తెలియదు. నీళ్లు తోడేసి, బోటు దిమ్మెల మీద కూర్చున్నాక, పాచీ గుల్లలూ గీకేసి హైప్రెషర్ నీళ్లతో కడుగుతారు. అప్పుడు బోటును తనిఖీ చేసే సర్వేయరు అల్ట్రాసోనిక్ గేజి పట్టుకుని కిందికి దిగుతాడు. రేకు మీద జెల్లు రాసి ప్రోబు ఆనిస్తే అక్కడ ఇనుము ఎంత మందం మిగిలిందో తెరమీద కనిపిస్తుంది. ఆ అంకెను చాక్‌పీసుతో రేకు మీదే రాసేస్తాడు. కట్టినప్పుడు 10 మిల్లీమీటర్లున్న రేకు 9.3 చూపిస్తే ఫర్వాలేదు. 8.9 అయినా ఫర్వాలేదు. అడుగు దూరంలో 7.2 వచ్చిందంటే అందరి మొహాలూ మారిపోతాయి. చుట్టూ గళ్లు గీసి ప్రతి గడిలో మళ్లీ కొలుస్తారు. మామూలుగా అసలు మందంలో 20 నుంచి 25 శాతం తినేసిందంటే ఆ రేకు కోసి కొత్తది వేయాల్సిందే.

కోశాక అసలు కథ మొదలవుతుంది. లోపలి ఫ్రేము కూడా పుచ్చిపోయి ఉంటుంది. దాని వెనక ఆయిల్ ట్యాంకు ఉంటే ఖాళీ చేయాలి, కడగాలి, లోపల గ్యాస్ లేదని పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చాకే వెల్డింగ్ మొదలుపెట్టాలి. ఆ ప్లేటు స్టాకులో లేకపోతే తెప్పించాలి. ఇవేవీ నోటీసులో రాసిన మూడు వారాల్లో లేవు. ఆ మూడు వారాలు బయటికి కనిపించిన పనికి వేసిన లెక్క.

గడువు దాటితే యార్డు సరిగ్గా పనిచేయలేదని జనం అనుకుంటారు. ఒక్కోసారి అదీ నిజమే కావచ్చు. కానీ సర్వేయరు నిజాయతీగా కొలిచాడు కాబట్టే గడువు దాటిన సందర్భాలు నేను ఎక్కువ చూశాను. గడువు కోసం ఆయన మీద ఒత్తిడి తెచ్చే ఫ్లీట్ అంటే నాకు భయం.

టైంటేబుల్

నేను షెడ్యూళ్లు వేసే వైపు పనిచేస్తాను. ఇంజిన్‌రూమ్ గారు చెప్పినదానికి లెక్క జోడిస్తాను.

ఒక్కో బోటుకి డాకింగ్, ఇంజిన్ పనులు, సర్వేలు అన్నీ కలిపి ఏడాదికి ఆరు వారాలు పోతాయనుకుందాం. చేతిలో ఎనిమిది బోట్లుంటే మొత్తం 48 వారాలు. అంటే ఏమీ చెడిపోకపోయినా, అంతా అనుకున్నట్టే జరిగినా, ఏడాదిలో దాదాపు ప్రతి రోజూ ఒక బోటు రిపేరులో ఉన్నట్టే. ఇది ఎవరి తప్పూ కాదు. ఎనిమిది బోట్లూ నీళ్లలో ఉంటాయన్నట్టు టైంటేబుల్ అచ్చువేయడం మాత్రం తప్పే.

ఇక అనుకోకుండా చెడిపోయేవి వేరు. దానికి ఇంకో బోటు చేతిలో ఉండాలి. కాబట్టి ఎనిమిది బోట్ల ఫ్లీట్ అంటే నమ్మకంగా నడపగలిగేది ఆరు బోట్ల టైంటేబులే. ఈ మాట పైవాళ్లకు చెప్పినప్పుడల్లా "రెండు బోట్లు ఖాళీగా పెట్టుకోవాలా?" అనే అడుగుతారు. అక్కడి నుంచే జారుడు మొదలవుతుంది. రద్దీ సీజన్ వస్తుంది, డాక్‌కి వెళ్లాల్సిన బోటును "ఇంకో నెల నడిపిద్దాం" అంటారు. యార్డులో మన వంతు పోతుంది. తర్వాతి వంతు మూడు నెలలకో, ఆరు నెలలకో. ఈలోగా అది నడిరేవులో ఆగిపోతుంది.

నీటిదారి

టైంటేబుల్ గారూ, స్పేర్ బోటు కొనమని అడిగితే నిజంగానే ఖాళీగా నిలబెట్టే బోటుకి డబ్బెందుకు అంటారు. ఏం చెప్పాలి?

టైంటేబుల్

స్పేర్ బోటు ఖాళీగా ఉండకూడదండీ, ఉంటే పాడవుతుంది. వరసగా అన్ని బోట్లనూ స్పేరుగా తిప్పాలి. ఈ వారం ఇది, వచ్చే వారం అది. నిలబడ్డ వారంలో దానికి చిన్న పనులన్నీ జరిగిపోతాయి: బెల్టులు, పంపుల సీళ్లు, ఫైర్ డంపర్లు, తలుపుల రబ్బర్లు. రాత్రి ఆఖరి ట్రిప్పుకీ తెల్లారి మొదటి ట్రిప్పుకీ మధ్య దొరికే ఆ కాస్త టైములో ఇవి ఎప్పటికీ పూర్తి కావు.

ఇంకో మాట. ఎంతోకాలంగా కదలని బోటును "స్పేరు" అని కాగితం మీద చూపిస్తే నమ్మకండి. గత నెలలో ప్రయాణికులతో ఎన్నిసార్లు నడిచిందో అడగండి.

డెక్కుమీద

నేను డెక్ సిబ్బందిని. డ్రైడాక్ పెద్ద విషయమే, కానీ మా చేతుల్లో ఉన్నవి కూడా చెప్పుకోవాలి.

కార్లెక్కే డెక్కు అంచుల్లో నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, స్కప్పర్లు అంటాం. చూడ్డానికి ఏమీ ఉండదు, జల్లెడలాంటి మూత. కార్ల చక్రాల నుంచి రాలిన మట్టి, ఆకులు, ప్లాస్టిక్ కవర్లు, సిగరెట్ పీకలు అన్నీ అక్కడే చేరతాయి. మూత ఎత్తి చెయ్యిపెట్టి తీస్తే నల్లటి ముద్ద వస్తుంది. అది మూసుకుపోయిన రోజు వర్షమో, కెరటమో, ఫైర్ డ్రిల్లులో వదిలిన నీళ్లో డెక్కు మీదే నిలిచిపోతాయి. డెక్కుకి అడ్డుగోడలుండవు కదా, బోటు కాస్త ఒరిగితే ఆ నీళ్లన్నీ ఒకేసారి ఆ పక్కకి పరిగెడతాయి, ఇంకా ఒరిగేలా చేస్తాయి. ఫెర్రీలకు అసలు ప్రమాదం ఇక్కడుంది. 1987లో బెల్జియంలోని జీబ్రుగ్గ రేవు బయట హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపు మూయకుండా బయల్దేరి నిమిషాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. డెక్కు మీదికి వచ్చిన నీళ్లే దాన్ని పడగొట్టాయి.

ఆ ప్రమాదంలో నన్ను బాగా కదిలించిన విషయం ఇంకోటి ఉంది. తలుపు మూసుందో లేదో బ్రిడ్జి మీద, అంటే కెప్టెన్ బోటు నడిపే గదిలో, తెలిసేలా లైట్లు పెట్టమని కెప్టెన్లు ముందే అడిగారు. పెట్టలేదు. విచారణలో ఇది బయటపడింది.

కాబట్టి నీటిదారి గారూ, మీరు డిఫెక్ట్ బుక్కు గురించి అడగండి. మేం రాసిన ప్రతి లోపానికి ఎదురుగా ఎవరు చూశారు, ఏం చేశారు, ఎప్పుడు మూసేశారు అని ఉండాలి. నేను పనిచేసిన ఒకచోట అదే లోపం పేజీ తర్వాత పేజీ రాస్తూ పోయాం. చివరికి కొందరు రాయడమే మానేశారు. పుస్తకం శుభ్రంగా కనిపిస్తే బోటు బాగుందని పైవాళ్లు అనుకున్నారు.

రేవుగట్టు

అందరూ బోట్ల గురించే మాట్లాడుతున్నారు. నేను టెర్మినళ్లు, జెట్టీలు చూసే సివిల్ ఇంజినీరుని. తాడు కట్టి మూసేసిన ర్యాంపు గురించి నీటిదారి గారు రాసింది చదివి ఇది రాస్తున్నాను.

జెట్టీని మోసే ఇనుప పైళ్లు (నేలలోకి దింపిన గుంజలు) ఎక్కడ తుప్పు పడతాయో చూడండి. పూర్తిగా నీటిలో మునిగిన భాగం అంత త్వరగా పోదు. అక్కడ ఆక్సిజన్ తక్కువ, పైగా ఇనుముకి బదులు తాను కరిగిపోయే జింక్ దిమ్మెలో, తుప్పును ఆపే సన్నటి కరెంటో ఉంటుంది. పోటు మట్టానికి కాస్త పైన, కెరటం తగిలి ఆరి, మళ్లీ తగిలి ఆరే చోట ఎక్కువ పోతుంది. అక్కడ జింక్ పనిచేయదు, పెయింటూ చుట్టూ వేసే తొడుగే దిక్కు. రెండో చోటు పాటు మట్టానికి (నీళ్లు వెనక్కి తగ్గినప్పటి మట్టం) దగ్గర్లో ఉంటుంది. అక్కడ కొన్ని రకాల బ్యాక్టీరియా చేరి ఇనుమును మామూలు కన్నా ఎన్నో రెట్లు వేగంగా తినేస్తాయి. బాగా పాటు వచ్చిన రోజే అది కంటికి కనిపిస్తుంది. నారింజ రంగు మెత్తటి పొర ఉంటుంది, గీకితే కింద నల్లగా, ఇంకా కింద మెరిసే ఇనుము. ఆ మెరుపు కనిపించిందంటే కొలవాల్సిందే. చాలా చోట్ల తనిఖీలు ఆఫీసు టైములో జరుగుతాయి. పాటు టైము చూసుకుని వెళ్లరు.

చెక్క పైళ్లున్న పాత రేవుల్లో ఇంకో శత్రువు ఉంది, ఓడపురుగు. బయటికి సన్నటి రంధ్రమే కనిపిస్తుంది, లోపల గుంజ మొత్తం గుల్ల. సుత్తితో కొట్టి శబ్దం వింటేనే తెలుస్తుంది.

ఇక అందరూ మర్చిపోయేది ప్రొపెల్లర్ కోత. జనం దిగేటప్పుడు బోటు కదలకుండా ఉండాలని కెప్టెన్ ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ముక్కును గట్టుకి నొక్కి పెడతాడు. ఆ నీటి ధార ప్రతి ట్రిప్పులో అదే చోట నేలను తవ్వుతుంది. కొన్నేళ్లకి అక్కడ గుంత పడుతుంది. పైలు అంతే పొడుగు, చుట్టూ పట్టుకునే మట్టి మాత్రం తగ్గిపోతుంది. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది. డైవర్‌ని దింపాలి, లేదా సోనార్‌తో నేల లోతు కొలిచి కిందటిసారి మ్యాపుతో పోల్చాలి. రాళ్లు పరిచో, కాంక్రీటు పరుపు వేసో సరిచేయొచ్చు, ముందే పట్టుకుంటే.

సమతలం

నేను చక్రాల కుర్చీలో ప్రయాణిస్తాను. రేవుగట్టు గారికి ముందుగా థ్యాంక్స్. మాకు టెర్మినల్ పాడయితే బోటు ఉన్నా లేనట్టే.

పాటు వచ్చి నీటి మట్టం తగ్గినప్పుడు గ్యాంగ్‌వే (గట్టు మీంచి బోటు దగ్గరికి నడిచే వంతెన) ఎంత నిటారుగా అవుతుందో చూడండి. ఆటుపోట్ల తేడా మూడు మీటర్లుంటే, 12కి 1 వాలు దాటకుండా ఉండాలంటే గ్యాంగ్‌వే 36 మీటర్ల పొడుగుండాలి. అంత జాగా చాలా చోట్ల ఉండదు, అందుకని లిఫ్టు పెడతారు. ఉప్పుగాలిలో లిఫ్టు తలుపుల సెన్సార్లు, రోలర్లు త్వరగా పాడవుతాయి. లిఫ్టు ఆగిపోయిందని బోర్డు పెట్టడం తప్ప ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే సర్వీసు రద్దయినట్టు లెక్కలోకి రాదు. నాకు మాత్రం ఆ ట్రిప్పు రద్దయినట్టే.

2023లో మొదలైన కొచ్చి వాటర్ మెట్రోలో బోటు ఆగే చోట నీటి మీద తేలే వేదికలు, పాంటూన్లు, పెట్టారు. నీటితోపాటే పాంటూనూ లేస్తుంది, దిగుతుంది కాబట్టి బోటు డెక్కూ పాంటూనూ ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటాయి. కుర్చీ నేరుగా లోపలికి పోతుంది. ఆలోచన చాలా బాగుంది. అయితే పాంటూన్‌కి కూడా మెయింటెనెన్స్ ఉంటుంది కదా, దాని గురించి ఎవరైనా చెప్తారా?

రేవుగట్టు

ఉంటుంది సమతలం గారూ, చాలానే ఉంటుంది. పాంటూన్ అంటే ఇంజిన్ లేని బోటే. లోపల విడివిడి గదులుంటాయి, ఒకటి లీకయినా మిగతావి తేల్చాలని. నెలనెలా హాచ్ మూతలు తీసి నీళ్లు చేరాయేమో చూడాలి. మూత రబ్బరు పాడయితే వర్షం నీళ్లే నిండుతాయి. ఒక మూల కొన్ని సెంటీమీటర్లు కిందికి వాలినా ముందు గ్యాంగ్‌వే రోలర్లు ఒక పక్కకి అరుగుతాయి, ఆ తర్వాత బోటుకీ పాంటూనుకీ మధ్య మెట్టు వస్తుంది. మీరు మొదటగా గమనించేది ఆ మెట్టునే. అది కనిపిస్తే వెంటనే ఫోటో తీసి పంపండి. మాకు అంతకన్నా మంచి సమాచారం ఉండదు.

పాంటూన్‌ను పట్టి ఉంచే పైళ్ల చుట్టూ గైడు రోలర్లుంటాయి, గొలుసులుంటే వాటి లంకెలు అరుగుతాయి. గొలుసు మందం కొలవడానికి డైవర్లు దిగుతారు. లిఫ్టు ఆగడాన్ని సర్వీసు వైఫల్యంగా లెక్కించాలన్న మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను.

వోల్టు

ఇన్ని చదివాక అడుగుతున్నాను. ఎలక్ట్రిక్ ఫెర్రీలకు మారితే సగం సమస్యలు పోవా? ఆయిల్ మార్చడం లేదు, ఇంజెక్టర్లు లేవు, టర్బోలు లేవు. నార్వేలో ఆంపియర్ అనే ఎలక్ట్రిక్ ఫెర్రీ 2015లోనే మొదలైంది. సోగ్నె ఫియర్డ్ మీద సుమారు 20 నిమిషాల ప్రయాణం, 120 కార్లు, ప్రతి గట్టు దగ్గరా దాదాపు 10 నిమిషాల్లో చార్జింగ్. నేను ఎలక్ట్రికల్ మనిషిని, భవిష్యత్తు ఇదేనని గట్టిగా నమ్ముతాను.

ఇంజిన్‌రూమ్

వోల్టు గారూ, భవిష్యత్తు అదేనని నేనూ ఒప్పుకుంటాను. ఫెర్రీ ఇంజిన్‌కి పడే కష్టం అలాంటిది. సముద్రం దాటే ఓడ ఇంజిన్ రోజుల తరబడి ఒకే స్పీడులో నడుస్తుంది. ఫెర్రీ ఇంజిన్ రోజుకి ఎన్నోసార్లు లోడు ఎక్కుతుంది, దిగుతుంది, గేర్‌బాక్స్ క్లచ్చులు ముందుకీ వెనక్కీ పడుతుంటాయి. ఆ అరుగుదల మోటారుకి తప్పుతుంది.

కానీ సగం సమస్యలు పోతాయన్న మాట దగ్గర ఆగుతాను. అడుగు రేకు తుప్పు పోదు. ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీళ్ల సమస్యా పోదు. చేపల వలల దారం, నైలాను తాళ్లు షాఫ్టుకి చుట్టుకుని వేడికి కరిగి సీలు కిందికి దూరతాయి, మోటారైనా డీజిలైనా అంతే. బ్యాటరీ గదికి కూలింగ్ ఉంటుంది, ఆ కూలింగ్ పైపుల జాయింట్లు కూడా లీకవుతాయి. 2019లో నార్వేలోనే యుట్టరోయ్నింగెన్ అనే ఫెర్రీ బ్యాటరీ గదిలో మంటలు లేచాయి, మర్నాడు పేలుడు జరిగింది. కాబట్టి జాగ్రత్త అవసరం లేకుండా పోదు, జాగ్రత్త పడాల్సిన చోటు మారుతుంది.

వోల్టు

ఒప్పుకుంటున్నాను. ఇంకోటి నేనే చెప్పాలి. పని కొంత బోటు నుంచి గట్టు మీదికి మారుతుంది. ఆంపియర్ ఆగే పల్లెల్లో కరెంటు లైన్లు అంత లోడు మోయలేవని రెండు గట్ల మీదా బ్యాటరీలు పెట్టారు. అవి లైను నుంచి మెల్లగా నిండి, బోటు వచ్చినప్పుడు ఒక్కసారిగా ఇస్తాయి. అంటే ఇప్పుడు చార్జింగ్ టవరు, దాని చెయ్యి, కాంటాక్టులు, ట్రాన్స్‌ఫార్మరు కూడా టెర్మినల్ మెయింటెనెన్సులోకే వస్తాయి. ఉప్పుగాలికి కాంటాక్టులు తుప్పు పట్టాయంటే బోటు ఎంత కొత్తదైనా గట్టు దగ్గరే ఆగిపోతుంది. టెర్మినల్ బడ్జెట్ పెంచకుండా ఎలక్ట్రిక్ బోట్లు కొనేవాళ్లకి నేనే అడ్డం చెప్తాను.

నీటిదారి

చాలా నేర్చుకుంటున్నాను. అయితే నా మొదటి ప్రశ్న మిగిలే ఉంది. కొత్త బోట్లు వస్తే అన్నీ సర్దుకుంటాయా?

టైంటేబుల్

రెండు నిజమైన ఉదాహరణలు చెప్తాను, మీరే ఆలోచించండి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర ఫెర్రీ సంస్థకి 1927లో కట్టిన స్టీల్ ఎలక్ట్రిక్ రకం బోట్లు నాలుగుండేవి. పోర్ట్ టౌన్‌సెండ్ - కీస్టోన్ లైన్లో నడిచేవి. కీస్టోన్ రేవు ఇరుకు, లోతు తక్కువ. సంస్థ దగ్గరున్న మిగతా పెద్ద బోట్లు అక్కడ దూరలేవు. 2007 నవంబరులో అడుగు రేకుల్లో తుప్పు గుంటలు బయటపడటంతో నాలుగింటినీ ఒకేసారి ఆపేశారు. ఆ లైన్లో కార్లు ఎక్కించుకునే బోటు లేకుండా పోయింది. చివరికి అదే రాష్ట్రంలోని పియర్స్ కౌంటీ నుంచి ఒక చిన్న బోటు అద్దెకి తెచ్చి 2008లో నడిపారు. కొత్త బోట్లలో మొదటిది 2010లో వచ్చింది. 80 ఏళ్ల బోట్లను ఆపడం సరైన నిర్ణయమే. ఆ రేవుకి సరిపోయే ఇంకో బోటు చేతిలో లేకపోవడం వల్లే అంతమంది ఇబ్బంది పడ్డారు.

రెండోది స్కాట్లండ్. అరన్ దీవికి వెళ్లే గ్లెన్ సానక్స్ అనే కొత్త ఫెర్రీ కట్టే కాంట్రాక్టు 2015లో ఇచ్చారు. 2018లో రావాలి. 2025 జనవరిలో ప్రయాణికులను ఎక్కించుకుంది. వచ్చాక కూడా ఎప్పటి రేవైన ఆర్డ్రోసన్‌లో ఆగలేకపోయింది, అక్కడి బెర్తు (బోటు నిలిపే చోటు) దానికి సరిపోదు. అందుకని ట్రూన్ అనే ఇంకో రేవు నుంచి నడిపారు.

కొత్త బోటు వద్దనడం లేదు. అది వచ్చేదాకా పాతదాన్ని డబ్బు పెట్టి బాగా చూసుకోవాలి, రేవును ముందే సిద్ధం చేయాలి. "ఎలాగూ కొత్తది వస్తోంది కదా" అని పాతదాని మీద ఖర్చు ఆపేయడమే అన్నిటికన్నా ప్రమాదం. కొత్తది ఆలస్యమయితే ఆ పాతదే ఇంకా ఏళ్ల తరబడి జనాన్ని మోయాలి.

ఇంజిన్‌రూమ్

సరిగ్గా చెప్పారు. పాతదాన్ని చూసుకోవడం అంటే పెద్ద ఖర్చులే కాదు. వాషింగ్టన్‌లోనే 2023 ఏప్రిల్‌లో వాలా వాలా అనే ఫెర్రీ కరెంటు పోయి ఒడ్డెక్కి కూర్చుంది, లోపల దాదాపు 600 మంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డీజిల్లో మలినం చేరి ఫిల్టర్లు మూసుకుపోవడంతో జనరేటర్ ఆగిందని సంస్థ తేల్చింది.

ట్యాంకు అడుగున నీళ్లు చేరితే డీజిల్‌కీ నీటికీ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి. చూడ్డానికి నల్లటి జిగురు. ట్యాంకు అడుగు కాక్ తిప్పి గాజు సీసాలో పట్టి వెలుతురులో చూస్తే తెలిసిపోతుంది. డీజిల్ కింద నీటి పొర, మధ్యలో తెట్టె. దీనికి కావాల్సింది ఒక సీసా, రోజూ చూసే అలవాటు ఉన్న మనిషి.

ఆయిల్ శాంపిళ్లు కూడా అంతే. ల్యాబ్ రిపోర్టులో రాగి పెరుగుతుంటే బేరింగు అరుగుతోందని, సోడియం పెరిగితే ఉప్పునీరో కూలెంటో లోపలికి వస్తోందని అర్థం. ఒక్క రిపోర్టు చూస్తే ఏమీ తెలియదు, వరసగా పెట్టి చూడాలి. రిపోర్టులు ఫైల్లో పెట్టడంతో పని అయిపోయిందనుకునే చోట్లు ఉన్నాయి.

డెక్కుమీద

చిన్న పార్టుల గురించి నాదీ ఒకటి. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ ఆండ్రూ బార్బెరి 2010 మేలో స్పీడు తగ్గకుండా టెర్మినల్‌కి గుద్దుకుంది, చాలామందికి దెబ్బలు తగిలాయి. సోలనాయిడ్ అనే చిన్న కరెంటు పార్టు ఒకటి పాడయి ఒక ప్రొపెల్లర్ మీద కంట్రోల్ పోయింది. కంట్రోల్ పోయిందని కెప్టెన్‌కి చెప్పే అలారం లేదు. అందుకే గట్టుకి ఇంకా దూరంగా ఉండగానే స్పీడు తగ్గించి, రివర్స్ పడుతోందో లేదో చూసుకోవాలని మేం పట్టుబడతాం. టైము కలిసొస్తుందని ఆ పరీక్ష మానేయమనే ఒత్తిడి ఎక్కడైనా ఉంటే అది కూడా కమిటీలో అడగాల్సిన విషయమే.

రేవుగట్టు

అలా గుద్దినప్పుడు బోటునీ గట్టునీ కాపాడేవి ఫెండర్లు (దెబ్బను పీల్చుకునే మెత్తలు), డాల్ఫిన్లు (గట్టు పక్కన నీళ్లలో విడిగా పాతిన గుంజల గుంపులు). రబ్బరు ఫెండరు ముందు జారుడు ప్లాస్టిక్ పలకలుంటాయి, వాటిని పట్టే బోల్టులు లోపలికి కూరుకుని ఉంటాయి. పలక అరిగి బోల్టు తల బయటికి వచ్చిందంటే ప్రతి ట్రిప్పులో బోటు పెయింటు గీరుకుపోతుంది, అక్కడ తుప్పు మొదలవుతుంది. టెర్మినల్ వాళ్ల అశ్రద్ధ బోటు వాళ్ల ఖర్చవుతుంది. చాలా చోట్ల రెండూ వేర్వేరు విభాగాలు, వేర్వేరు బడ్జెట్లు. ఇద్దరూ కలిసి నడిచి చూసే తనిఖీ ఏడాదికి ఒక్కటైనా ఉండాలి.

నీటిదారి

ఇంకో విషయం. మా దగ్గర పనులన్నీ బయటి యార్డులకే ఇస్తారు. సొంత వర్క్‌షాపు ఉండాలని సిబ్బంది అంటారు, అది దండగ ఖర్చని మేనేజ్‌మెంట్ అంటుంది.

ఇంజిన్‌రూమ్

నేను సొంత వర్క్‌షాపు వైపే. ఇస్తాంబుల్ ఫెర్రీలకు హాలిచ్ యార్డు ఉంది, 1455లో మొదలైన యార్డు అది. సిడ్నీ ఫెర్రీలకు బాల్‌మెయిన్ యార్డు ఉంది. అదే బోటును అవే చేతులు ఏళ్ల తరబడి విప్పి బిగిస్తే ఏ వాల్వు ఎక్కడ మొండికేస్తుందో తెలుస్తుంది. ఆ జ్ఞానం టెండరులో దొరకదు.

టైంటేబుల్

ఇక్కడ కాస్త విభేదిస్తాను సార్. చిన్న ఫ్లీట్‌కి సొంత డ్రైడాక్ కిట్టుబాటు కాదు. నాలుగు బోట్లకి డాక్ కట్టి దాని గేట్లు, పంపులు కూడా మనమే మెయింటెయిన్ చేయడం అదనపు భారం. మధ్యేమార్గం ఉంది. నీటి మీద చేయగలిగే పనులకు సొంత వర్క్‌షాపు, సొంత మనుషులు. డాకింగ్‌కి బయటి యార్డుతో ఒకేసారి కొన్నేళ్ల ఒప్పందం, వంతు తేదీలతో సహా. ఏ ఏటికి ఆ ఏడు టెండరు పిలిస్తే ప్రతిసారీ కొత్త యార్డు ఆ బోటును మొదటినుంచి నేర్చుకుంటుంది.

ఇంజిన్‌రూమ్

డాక్ గురించి మీ మాట సబబే. స్పేర్ పార్టులు మాత్రం సొంత స్టోర్‌లోనే ఉండాలి. ప్రొపెల్లర్, షాఫ్టు, గేర్‌బాక్స్ లాంటివి ఆర్డరిస్తే నెలలు పడుతుంది. నాలుగు బోట్లూ ఒకే రకమైతే ఒక్క స్పేరు నాలుగింటికీ పనికొస్తుంది. నాలుగు నాలుగు రకాలైతే నాలుగూ కొనాలి, ఎవరూ కొనరు.

డెక్కుమీద

సిబ్బందికీ అంతే. ఒకే రకం బోట్లయితే ఎవరినైనా ఏ బోటుకైనా పంపొచ్చు. లేదంటే బోటు బాగున్నా దాన్ని నడిపే శిక్షణ ఉన్న మనిషి లేక ట్రిప్పు రద్దవుతుంది.

నిర్వాహకులు

టికెట్ ధరల గురించి వచ్చిన పోస్టులను వేరే చర్చలోకి మార్చాం. ఇక్కడ మెయింటెనెన్స్ గురించే రాయండి.

నీటిదారి

అందరికీ ధన్యవాదాలు. మీటింగుకి ఇలా రాసుకున్నాను, చూసి చెప్పండి. టైంటేబుల్ వేసేటప్పుడు ఎన్ని బోట్లు రిపేరులో ఉంటాయని లెక్క వేస్తున్నారు? గత కొన్నేళ్లలో ఏ డాకింగ్ వాయిదా పడింది, ఎవరు వాయిదా వేశారు? డిఫెక్ట్ బుక్కులో మూసేయని లోపాలు ఎన్ని, ఎంతకాలంగా? లిఫ్టు ఆగిన గంటలు లెక్కిస్తున్నారా? టెర్మినల్ పైళ్ల తనిఖీ రిపోర్టు ఎప్పటిది?

సమతలం

లిఫ్టుది పెట్టినందుకు సంతోషం. లిఫ్టు ఆగినప్పుడు మాకు ముందే తెలియాలి, గట్టు దాకా వచ్చాక కాదు. అదీ అడగండి.

రేవుగట్టు

ప్రశ్నలు బాగున్నాయి. పైళ్ల రిపోర్టు ఇచ్చినప్పుడు అందులో నీటి కింద తనిఖీ ఉందో లేదో చూడండి. చాలా రిపోర్టులు పడవలో తిరిగి పైనుంచి చూసినవే. ఉంటే కిందటిసారి కొలతలు కూడా పక్కన పెట్టి ఇవ్వమనండి. ఒక్కసారి కొలతతో ఏ పైలు ఎంత వేగంగా పోతోందో తెలియదు.

ఆ మూసేసిన ర్యాంపు ఏ కారణంతో మూశారో రాతపూర్వకంగా తీసుకోండి. హైడ్రాలిక్ సిలిండరు సీలు అయితే రోజుల పని. కీలు పిన్ను దగ్గర పగులయితే పక్క ర్యాంపు కీలును కూడా వెంటనే పరీక్ష చేయించమని ఆ మీటింగులోనే అడగాలి. రెండూ ఒకే ఏడు వేసినవైతే రెండూ ఒకే లోడు మోశాయి, ఇప్పుడు ఆ రెండోది ఒక్కటే మొత్తం మోస్తోంది.

నీటిదారి

రెండూ ఒకేసారి వేసినవే. రేపే ఉత్తరం రాస్తాను, మీటింగు దాకా ఆగను.